కెటిల్‌కి ఎముకలు

మార్చి 2, సోమవారం

దొరికాడు. మూడు వారాలుగా ఏ సైటు పడితే ఆ సైటు గాలిస్తుంటే, ఇవాళ పొద్దున టైలరింగు షాపు షట్టర్ ఎత్తడానికి పది నిమిషాల ముందు దొరికాడు. మూడు ముక్కల నల్ల సూటు, పొడుగాటి మనిషి, వెనక్కి దువ్విన జుట్టు. రెండు చేతులూ బార్లా చాపి, దండెం మీద ఆరేసిన చొక్కాలా నిలబడి ఉన్నాడు. ఈ కంప్యూటరు త్రీడీ బొమ్మ మనుషులందరూ అలాగే పుడతారట, చేతులు దించడం మనమే నేర్పాలట. డౌన్‌లోడ్ నొక్కి, అది పూర్తయ్యేదాకా తెర ముందు నుంచి కదలలేదు. బయట కస్టమరు షట్టర్ బాదుతున్నా కదలలేదు.

ఏ రోజు ఏ బటన్ నొక్కానో మర్నాటికి మర్చిపోతున్నాను కాబట్టి ఈ డైరీ. పని సంగతులే రాస్తాను. సొంత గోల రాయను.

పని ఏమిటంటే, తమ్ముడికి ఒక ఒళ్ళు కావాలి. వాడు మిమిక్రీ ఆర్టిస్టు. స్టేజి మీద వాడిని 'గొంతుల మూట' అనేవాళ్ళు. పోయిన మే నెలలో లారీ కింద పడి రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా పోయాయి. అప్పట్నుంచి మా ఇంటి వెనక గదిలో, చక్రాల కుర్చీలో. మాట్లాడతాడు, కానీ సొంత గొంతుతోనే, అదీ అవసరానికే. రెండు నెలల క్రితం ఎవరో వాడేసి మూల పడేసిన వీఆర్ హెడ్‌సెట్ ఒకటి మా ఆయన తెచ్చి తమ్ముడి ఒళ్ళో పెట్టారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు, చెడిపోయిన వస్తువు ఏది కనపడినా ఇంటికి తెస్తారు. అది తలకి తగిలించుకుంటే ఇంకో లోకంలో ఉన్నట్టే ఉంటుంది. నేనూ పెట్టుకుని చూశాను, కళ్ళు తిరిగి కత్తిరింపు బల్ల పట్టుకున్నాను.

అందులో ఆదివారం ఆదివారం ఒక నవ్వుల హాలు నడుస్తుంది. నడిపే ఆవిడ పిల్లి రూపంలో ఉంటుంది, టై కట్టుకుని. మావాడు వెనక వరసలో కూర్చుని విని వచ్చేవాడు. ఆవిడ ఒకరోజు వాడి గొంతు గుర్తుపట్టి, పది నిమిషాలు చెయ్యమని అడిగిందట. ఊరికే ఇచ్చే ఈ బూడిదరంగు బొమ్మ ఒంటితో నేను స్టేజి ఎక్కనన్నాడట వీడు. తప్పించుకోవడానికి అన్న మాట అది, నాకు తెలుసు. కానీ నోరు జారి అన్నాడుగా, పట్టుకున్నాను. ఒళ్ళు నేను కుట్టి ఇస్తానన్నాను. పిల్లిగారితో మాట్లాడి మార్చి ఇరవై తొమ్మిదికి వాడి పేరు రాయించేశాను. వాడు ఆ స్టేజి ఎక్కితే మళ్ళీ వాడు వాడవుతాడు. ఎక్కకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి నాకు తీరిక లేదు.

మార్చి 3, మంగళవారం

ఫైలు తెరిస్తే తెరంతా నల్లగా ఖాళీ. గంటన్నర తిట్టుకున్నాక తెలిసింది, ఖాళీ కాదు, నేను ఆయనగారి బూటు లోపల ఉన్నాను. చేసినవాళ్ళు సెంటీమీటర్లలో చేశారు, ఈ సాఫ్ట్‌వేర్ మీటర్లనుకుంది. నూట ఎనభై మీటర్ల మనిషి.

మార్చి 4, బుధవారం

వందో వంతుకి దించాను. బుద్ధిగా నిలబడ్డాడు, కానీ నెత్తి నుంచి బూటు దాకా గులాబీ రంగు. రంగుల బొమ్మలు వేరే ఫోల్డరులో ఉంటాయట, దారి చూపించాలట. చూపించాను, నల్ల సూటు వచ్చేసింది. మా ఆయన్ని పిలిచి చూపిస్తే గులాబీదే బాగుందన్నారు. ఈయనతో పెట్టుకుంటే పని సాగదు.

మార్చి 6, శుక్రవారం

చేతులు దించితే చంక దగ్గర కోటు లోపలికి మడతపడి పక్కటెముకల్లో దూరిపోతోంది. నేర్పే వీడియోల్లో దీన్ని బరువులు అంటున్నారు. ఒంటి మీద ఏ ముక్క ఏ ఎముక మాట ఎంత వినాలో రంగు పూసి చెప్పాలి. ఎరుపు పూస్తే పూర్తిగా వింటుంది, నీలం పూస్తే అసలు వినదు. మా ఇంట్లో మా ఆయన నీలం.

అది అర్థమైన క్షణాన నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇది చంక పట్టీ. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని. చెయ్యి ఎత్తితే కోటు మొత్తం పైకి లేవకుండా చంక కింద చిన్న పట్టీ వేస్తాం కదా, సరిగ్గా ఆ ఆకారంలో పూశాను, భుజానికి కొంత, వెన్నుకి కొంత, మధ్యలో రంగు మెల్లగా కరిగేలా. చెయ్యి ఎత్తించాను. దించాను. మళ్ళీ ఎత్తించాను. ఒక్క మడత లేదు. వీడియోలో పాఠం చెప్పే గడ్డం ఆయన దీనికి వారం పడుతుందన్నాడు, నాకు మధ్యాహ్నం పూట సరిపోయింది. హోటలువాళ్ళ కోట్లు ముప్పై ఆరు అలాగే పడి ఉన్నాయి, ఉండనీ.

సంతోషంతో కాలు ఒకచోట నిలవడం లేదని రాయబోయి ఆగాను. ఈ ఇంట్లో పది నెలలుగా ఆ మాట ఎవరం అనం. మొన్న ఎవరో కాళ్ళబేరానికి వచ్చారని చెప్పబోయి ఆయన మధ్యలో దగ్గు తెచ్చుకున్నారు. కాలక్షేపం అనడానికి కూడా భయపడుతున్నారు పాపం.

మార్చి 8, ఆదివారం

నాకు అద్భుతమైన ఆలోచన వచ్చింది. పాత కొలతల పుస్తకం తీశాను. వాడి స్టేజి సూటు మూడేళ్ళ కిందట నేనే కుట్టాను. ఎత్తు అయిదడుగుల తొమ్మిది, భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవై అయిదు, లోపలి కాలు ముప్పై ఒకటి, ఎడమ భుజం అరంగుళం వాలు. అన్నీ నా చేతిరాతలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ మోడల్ ఎముకలకి ఎక్కించాను. ముక్కు కాస్త వెడల్పు చేశాను, కనుబొమలు దగ్గరికి జరిపాను. ఎడమ భుజం అరంగుళం దించగానే తెర మీద వాడు నిలబడి ఉన్నాడు. మా తమ్ముడు.

ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో తెలియదు. ఆయన వచ్చి టీ చల్లారిపోయిందన్నారు.

వాడికి చెప్పలేదు. ఒక్కసారిగా ముందు పెడితే మొహం ఎలా వెలుగుతుందో చూడాలి. ఇలా చెయ్యమని వాడు అడగలేదు, నిజమే. అడగకపోయినా వాడికి కావలసింది ఇదేనని నాకు తెలుసు. అక్కని, నాకు కాక ఎవరికి తెలుస్తుంది.

మార్చి 10, మంగళవారం

కోటుకి లోపలి జేబు కూడా పెట్టాను. ఎవరికీ కనపడదు. అయినా పెట్టాను.

మార్చి 13, శుక్రవారం

రాయాలని లేదు. పని డైరీ కాబట్టి రాస్తున్నాను.

భోజనాలయ్యాక ఆయన ఫైలు ఎక్కించారు. కూర్చున్నవాళ్ళని కూడా నిలబడినట్టు చూపించే సెట్టింగు ఒకటి ఉంది, అదీ పెట్టారు. వాడు హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. లోపల వాడు చూసేదంతా మాకు ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. అద్దం ఉన్న గదిలోకి వెళ్ళాడు. అద్దంలో వాడు నిలబడి ఉన్నాడు, భుజం వాలుతో సహా. నేను చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తేశాను కూడా. వాడు చెయ్యి ఊపాడు, అద్దంలో వాడూ ఊపాడు. తర్వాత తల దించి బూట్ల వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరక్కా ఇది?"

"నువ్వే రా. కొలతలన్నీ నీవే."

ఊఁ అన్నాడు. హెడ్‌సెట్ తీసి, దాని పట్టీ చక్కగా మడిచి బావ చేతికిచ్చాడు. వెళ్ళేటప్పుడు తలుపు వేసి వెళ్ళమన్నాడు.

మార్చి 14, శనివారం

హోటలువాళ్ళ ప్యాంట్లు పదహారు కత్తిరించాను. వేరే విశేషం లేదు.

మార్చి 15, ఆదివారం

ఇవాళ నవ్వుల హాలుకి వినడానికి కూడా వెళ్ళలేదు వాడు. హెడ్‌సెట్ ముందు గదిలో బీరువా మీద ఉంది.

ఏం తప్పు చేశాను నేను? ముప్పై రోజులు కళ్ళు పోయేలా తెర చూశాను. వేలి కణుపులతో సహా, ఎక్కడ నొక్కితే ఎక్కడ వంగుతుందో అంతా సరిచేశాను. బాగుందక్కా అని ఒక్క మాట అంటే వాడి సొమ్మేం పోయింది. ఆయన మెల్లగా, వాడికి ఏం కావాలో ముందు అడగాల్సింది కదా అన్నారు. మీదపడి అరిచాను. పాపం ఆయన లేచి ఎక్కడా చెడిపోని లిఫ్టు బాగుచేయడానికి బయటికి వెళ్ళిపోయారు.

ఏం తప్పు చేశాను?

మార్చి 16, సోమవారం

సొంత గోల రాయనన్నాను. ఒక్కసారి రాసి వదిలేస్తాను.

పోయిన మేలో ఆ రోజు వర్షం. హోటలువాళ్ళ నల్ల కోట్లు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి, మిషను మీద నల్ల దారం అయిపోయింది. తమ్ముడు అప్పుడే ఏదో ప్రోగ్రాం నుంచి వచ్చి తుండుతో తల తుడుచుకుంటున్నాడు. రెండు నిమిషాల పని రా, పరిగెత్తుకెళ్ళి ఒక రీలు పట్రా అన్నాను. వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వాడి కాగితాల కోసం ఇంటికి వచ్చి రెండో సొరుగు లాగితే, అందులో నల్ల దారం రీలు ఉంది. పైన కాగితం కూడా విప్పనిది. వెతికి ఉంటే దొరికేది. పిలిస్తే పలికే తమ్ముడు ఉన్నాడని వెతకలేదు.

ఈ సంగతి వాడికి తెలియదు. ఆయనకీ తెలియదు. రీలు పారేశాను. సొరుగు తియ్యడం మానేశాను.

మార్చి 17, మంగళవారం

పిలిచాడు. నాలుగు రోజుల తర్వాత, వాడంతట వాడే. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను, తిట్టినా పడదామనుకుని.

"అక్కా, ఆ సూటువాణ్ణి నేను పొద్దున లేచింది మొదలు మోస్తూనే ఉన్నాను. అక్కడికి కూడా మోసుకెళ్ళలేను."

వాడు ఫోను నా వైపు తిప్పాడు. ఈ నాలుగు రోజులూ వాడూ అవే సైట్లు గాలిస్తున్నాడన్నమాట. తెర మీద ఒక కెటిల్. టీ కాచుకునే కెటిల్. గుండ్రటి పొట్ట, పైకి లేచిన కొమ్ము, కొమ్ము కింద పెద్ద మీసాలు, రెండు పక్కలా తెల్ల గ్లౌజులు వేసుకున్న చేతులు. కింద ఏమీ లేదు, గాల్లో తేలుతోంది.

ఇదైతే ఎక్కుతానన్నాడు.

నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. అంత చక్కటి సూటు వదిలేసి వంటింటి సామానా అనిపించింది. ఇంతలో కెటిల్ మూత కంటపడింది. మూతకి వేరే ఎముక ఉంది, అంటే అది తెరుచుకుంటుంది, అంటే దాన్ని నోరు చెయ్యొచ్చు. ఏడుపు సంగతి మర్చిపోయి, ఫోను ఇటివ్వమని లాక్కున్నాను.

మార్చి 18, బుధవారం

కెటిల్ చేసిన మనిషి పెట్టిన షరతులు మొత్తం చదివాను. మార్చుకోవచ్చు, అమ్మకూడదు, ఎవరు చేశారో చెప్పాలి. అవన్నీ ఎవరు చదువుతారే అన్నారు ఆయన. నేను కుట్టిన కోటుని ఎవడో అడక్కుండా కత్తిరిస్తే ఊరుకుంటానా అన్నాను. ఊరుకోవని ఊరందరికీ తెలుసన్నారు.

తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి ఆగడం లేదు. కెటిల్‌ని వీఆర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. మన చేతులు కదిపితే దాని చేతులు కదలాలంటే దాన్ని మనిషిగా నమోదు చెయ్యాలి. నొక్కాను. ఎర్ర అక్షరాలతో ఒక జాబితా దిగింది. ఎడమ తొడ లేదు. కుడి తొడ లేదు. ఎడమ పిక్క లేదు. కుడి పిక్క లేదు. పాదాలు లేవు. ఆఖర్న, దీన్ని మనిషిగా అంగీకరించడం కుదరదు.

ల్యాప్‌టాప్ దభాలున మూసేశాను. అప్పటికే ఆలస్యమైంది. తమ్ముడు నా వెనకాలే కుర్చీలో ఉన్నాడు, మొత్తం చదివేశాడు.

"డాక్టర్లు కూడా ఇంత సూటిగా చెప్పలేదక్కా."

అని నవ్వాడు. నవ్వి, ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిపించి, ఆ జాబితాని రైల్వే స్టేషనులో అనౌన్సుమెంటు చేసే ఆవిడ గొంతుతో మొదటినుంచి చదివాడు. ప్రయాణికులకు ముఖ్య గమనిక, ఎడమ తొడ లేదు. కుడి తొడ నిరవధికంగా ఆలస్యంగా నడుస్తోంది. పది నెలల తర్వాత వాడి నోట్లోంచి ఇంకో మనిషి గొంతు వచ్చింది. ముందు గదిలోంచి ఆయన పరిగెత్తుకొచ్చి, ఎవరొచ్చారు అని అడిగారు.

మార్చి 19, గురువారం

ఉపాయం దొరికింది. ఎముకలు ఉండి తీరాలన్నారు గానీ, వాటి మీద ఒళ్ళు ఉండాలని ఎవరూ అనలేదు. కెటిల్ అడుగున రెండు తొడలు, రెండు పిక్కలు, రెండు పాదాలు, ఆరు ఎముకలు పెట్టి, వాటికి ఒక్క చుక్క రంగు కూడా పుయ్యలేదు. కెటిల్‌లో ఏ ముక్కా వాటి మాట వినదు. మళ్ళీ నొక్కాను. పచ్చ గుర్తు వచ్చింది. మనిషే అంది. నేనూ తమ్ముడూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని ఊపేసుకున్నాం.

మార్చి 20, శుక్రవారం

తొందరపడి సంబరపడ్డాను. కెటిల్ నడుము దాకా నేలలోకి దిగిపోతోంది. నిలబెట్టే సెట్టింగు పెడితే ఎగిరి కప్పుకి తగులుకుంటోంది. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టాక చూసుకుంటే, ఎత్తు మళ్ళీ ఆ పాత పుస్తకంలోంచే వేశాను. చెయ్యి అలవాటు. పాత కొలతలతో కుట్టబడదు అని మా షాపు గోడకి బోర్డు ఉంది. లావెక్కి వచ్చి మమ్మల్ని తిట్టే కస్టమర్లతో దెబ్బలాడి నేనే రాయించాను.

టేపు మెడలో వేసుకుని వెనక గదికి వెళ్ళాను. కొలవాలి రా అన్నాను. కొలుచుకోమన్నాడు.

నేల నుంచి కన్ను దాకా నలభై ఎనిమిదిన్నర. కుర్చీ నుంచి కన్ను దాకా ఇరవై తొమ్మిదిన్నర. భుజం పద్దెనిమిది కాదు, పంతొమ్మిదిన్నర. చక్రాలు తోసి తోసి భుజాలు పెరిగాయి. వాలుగా ఉండే ఎడమ భుజం ఇప్పుడు కుడిదానితో సమానంగా ఉంది. రోజూ రెండు పూటలా కంచం అందిస్తున్నాను, ఒక్కనాడు చూడలేదు. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి నా టేపు ఆగిపోయింది. వాడే దుప్పటి తీసేశాడు.

"ఇవీ రాసుకో. ఎన్నాళ్ళు పాత ప్యాంట్లు మడిచి పిన్నులు పెడతావ్?"

కుడి పదమూడు, ఎడమ పన్నెండుంబావు. కొత్త పేజీలో రాశాను. సాయంత్రం కొత్త ఎత్తు ఎక్కిస్తే కెటిల్ ఎక్కడ ఉండాలో అక్కడ తేలింది.

మార్చి 22, ఆదివారం

దవడ ఎముక ఏది అని సాఫ్ట్‌వేర్ అడిగిన చోట మూతని చూపించాను. మాట్లాడితే మూత లేస్తుంది, ఆపితే పడుతుంది. గట్టిగా అరిస్తే పూర్తిగా తెరుచుకుని లోపల నీళ్ళు కూడా కనిపిస్తాయి. మీసాలకి నాలుగు చిన్న ఎముకలు పెట్టాను, తల తిప్పితే ఒక క్షణం ఆగి ఊగుతాయి. తమ్ముడు అద్దం గదిలో అరగంట సేపు మూత ఆడిస్తూ ఉండిపోయాడు. రాజకీయ నాయకుడి గొంతు పెడితే మూత పడనే పడలేదు. ఆయన నవ్వి నవ్వి సోఫా మీద ఒరిగిపోయారు. నాకు పదహారేళ్ళ పిల్లలా ఎగరాలనిపించింది, ఎగిరాను కూడా, షాపులో ఎవరూ లేరు.

మార్చి 24, మంగళవారం

తలుపు వేసుకుని ప్రాక్టీసు చేస్తున్నాడు. ఆడ గొంతులు, మగ గొంతులు, లారీ హారను. లారీ హారను దగ్గర నా చేతిలో కత్తెర జారింది. దేని గురించి రా అని అడిగితే, అడక్కూడదన్నాడు.

కోటు ఒకటి అడ్డం పెట్టుకుని ఆ తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. సొరుగు సంగతి చెప్పేద్దామనే. ఇప్పుడే కాస్త నవ్వుతున్నాడు, ఇప్పుడా చెప్పేది. ప్రోగ్రాం అయ్యాక చెబుతాను. అయినా నాకు ఇవాళ కాలర్లు ఇరవై ఉన్నాయి.

మార్చి 26, గురువారం

పిల్లిగారు పిడుగులాంటి కబురు పంపారు. తమ్ముడు రిహార్సలుకి వెళ్తే హాల్లో మిగతావాళ్ళకి కెటిల్ బదులు బూడిదరంగు డబ్బా కనిపిస్తోందట. మోడల్‌లో ముక్కలు ఎక్కువై మరీ బరువైతే వాళ్ళ హెడ్‌సెట్లు మొయ్యలేక అలా డబ్బా చూపిస్తాయట. లోపలికి దూరి వెతికాను. కెటిల్ చుట్టూ నూట ఎనభై మేకులు, ఒక్కో మేకు తలకి వెయ్యి ముక్కలు, చేసిన మహానుభావుడు వాటి మీద సుత్తి దెబ్బలు కూడా చెక్కాడు. ఆ పనితనం చూసి దణ్ణం పెట్టాలనిపించింది. కళ్ళు మూసుకుని అన్నీ తీసేసి, వాటి చోట మేకుల బొమ్మ అంటించాను. రెండు లక్షల ముక్కలు పద్దెనిమిది వేలకి దిగాయి. ఒక్క రోజులో. పిల్లిగారు చూసి, ఇప్పుడు మీసాలతో సహా కనపడుతున్నారండీ అన్నారు.

మార్చి 28, శనివారం

వాడు భోజనం చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఆయన మూడు కంచాలవీ ఆయనే తినేశారు.

మార్చి 29, ఆదివారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

అయిదు గంటలకి మొదలు. వాడు వెనక గదిలో తలుపు వేసుకున్నాడు. నేనూ ఆయనా ముందు గదిలో ల్యాప్‌టాప్ ముందు. వాడి గొంతు ముందు గోడలోంచి వినపడుతుంది, రెండు క్షణాలాగి ల్యాప్‌టాప్‌లోంచి. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు, కుందేళ్ళు, రోబోలు, ఒక బంగాళదుంప. పిల్లిగారు పరిచయం చేశారు. కెటిల్ తేలుతూ వచ్చి లైటు కింద ఆగింది. మీసాలు ఊగాయి. నా ఎముకలు, నా రంగులు, అన్నీ నిలబడ్డాయి.

మొదటి రెండు నిమిషాలు ఒక్కరూ నవ్వలేదు. గొంతు బిగిసిపోయింది వాడికి, గోడలోంచి తెలుస్తోంది. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. అప్పుడు ముందు వరసలో బంగాళదుంప, కెటిల్‌గారూ మీ కాళ్ళేవండీ అని అడిగింది.

మూత ఒకసారి లేచి పడింది.

"లారీ ఆయనకి ఇచ్చానండి. పాపం ఆయనకి బ్రేకులు లేవు. మా అక్క టైలరు. వర్షంలో నల్ల దారం తెమ్మని పంపింది. తిరిగొస్తుంటే లారీ. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి నర్సు నా గుప్పిట్లోంచి రీలు లాగుతోంది, నేను వదలడం లేదు. కాళ్ళు తీసుకోండమ్మా, దారం మాత్రం ఇవ్వను, మీకు మా అక్క సంగతి తెలీదు."

నవ్వారు. కుందేళ్ళు ఎగిరాయి. ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు. నేను ఏమైపోయానో నాకే తెలియదు. నలభై మంది నా దారం గురించి నవ్వుతున్నారు, ఏడుపు రావాలి, రాలేదు, వాడి గొంతు విప్పుకుంది, నాకు అదొక్కటే వినపడుతోంది. అక్కడి నుంచి వాణ్ణి ఆపడం ఎవరి తరం కాలేదు. నర్సు, డాక్టరు, లారీ డ్రైవరు, ఎర్ర జాబితా చదివే రైల్వే ఆవిడ, ఆఖర్న పొయ్యి మీద మరిగి మరిగి ఈల వేసే కెటిల్. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బంగాళదుంపకి కాళ్ళు లేకపోయినా లేచింది.

ఎక్కాడు. ఎక్కాడు మా తమ్ముడు.

తలుపు తీసుకుని వచ్చేసరికి హెడ్‌సెట్ అచ్చులు మొహం మీద ఎర్రగా ఉన్నాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుని మీదపడబోతే, ఉండక్కా, దారం జోకు సరిగ్గా పడలేదు అన్నాడు. దానికి ముగింపు లేదట.

మార్చి 30, సోమవారం

పొద్దున్నే పిలిచాడు. నోటు పుస్తకం, పెన్ను. ఆ ముక్క మళ్ళీ రాయాలట, అసలు ఆ రోజు ఏం జరిగిందో నేను పూసగుచ్చినట్టు చెప్పాలట. ఎవరి కోట్లు, వర్షం ఎంత, నువ్వు సరిగ్గా ఏమన్నావు. చెప్పాను. రెండు నిమిషాల పని రా అన్నానని చెప్పాను. రాసుకున్నాడు. తర్వాతేమైంది అన్నాడు. తర్వాత ఏముంది అన్నాను. ఏదో ఒకటి ఉంటుంది అక్కా, గుర్తు తెచ్చుకో అన్నాడు.

"రెండో సొరుగులో ఇంకో రీలు ఉంది రా. విప్పనిది. నేను వెతకలేదు."

పెన్ను ఆగింది. ఎప్పుడు చూశావన్నాడు. ఆ సాయంత్రమే అన్నాను. బావకి తెలుసా అన్నాడు. తెలియదన్నాను. వాడు గోడ వంక చూస్తూ, కాసేపు బయట ఉండమన్నాడు.

మిషను ముందు కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కలేదు. అయిపోయింది, స్టేజీ పోయింది, తమ్ముడూ పోయాడు, నా నోటితో నేనే పోగొట్టుకున్నాను అనుకున్నాను. గంటంబావు. అప్పుడు చక్రాల చప్పుడు.

కాగితం పట్టుకుని కత్తిరింపు బల్ల అవతల ఆగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం వచ్చిందా రా అని అడిగాను. వచ్చింది, గంటంబావు వచ్చింది, ఇది విను అన్నాడు.

మొదటిసారి చదివినదాంట్లో అక్క రాక్షసి. నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావా అని నేను అడిగితే, దాన్ని పెన్నుతో కొట్టేశాడు. రెండోదాంట్లో అక్క సొరుగు చూసి వెక్కి వెక్కి ఏడుస్తుంది. జనం జాలిపడతారు గానీ నవ్వరని వాడే కొట్టేశాడు. మూడోదాంట్లో రెండు కాళ్ళకి రెండు రీళ్ళు, లెక్క సరిపోయింది అంటుంది అక్క. నాకు నవ్వు రాలేదు. నువ్వు నవ్వేదాకా మారుస్తానన్నాడు.

నాలుగోసారి కాగితం చూడలేదు. సొరుగు లాగుతున్నట్టు చెయ్యి లాగాడు. లోపలికి చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. ఇంతవరకూ ఎన్నడూ చెయ్యలేదు వాడు, నా గొంతు పెట్టాడు. అచ్చం నేనే. కస్టమర్లకి కాజాలు మర్చిపోయినప్పుడు వచ్చే గొంతు.

"అయ్యో, అనవసరంగా తడిసిపోయావు కదరా."

నవ్వాను. బల్ల మీద పడి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారి కోటు గుడ్డ తడిసేదాకా నవ్వాను. ఆగితే మళ్ళీ అదే గొంతుతో అన్నాడు. ఆయన పనికి వెళ్ళబోతూ గుమ్మంలో నిలబడిపోయి, ఏమైంది, ఏమైంది అని అడుగుతూనే ఉన్నారు. వాడు పెన్ను తీసి ఆ వాక్యం కాగితం మీద రాసి, కింద గీత గీశాడు.